బరంపురం బడా బజారులో బోర్డు లేని మెస్: ఇడ్లీ, ఘుగ్ని, చేపల పులుసు

బరంపురం వెళ్తున్నాం, ఎక్కడ తినాలి అని అడిగేవాళ్లకి నేను చెప్పే చోటు ఒక్కటే. ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు దగ్గరున్న గంజాం జిల్లా ఊరు మాది. పాత బస్టాండు దగ్గర ఆటో ఎక్కి బడా బజారు అని చెప్పండి. అక్కడ దిగి పట్టుచీరల కొట్ల వరస వెంట నడుస్తుంటే ఒక సందు మొదట్లో పొద్దున్నే స్కూటర్లు అడ్డదిడ్డంగా ఆపేసి కనిపిస్తాయి. అదే మెస్. బయట బోర్డు లేదు. నీలం రంగు చెక్క తలుపులు, లోపల ఆరు బల్లలు, గోడకి ఒక పలక, దాని మీద సుద్దముక్కతో ఒడియాలో రాసిన ధరలు. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం. రాత్రి పొయ్యి వెలిగించరు. వంట భార్యది, గల్లాపెట్టె భర్తది. పిండి రుబ్బించడం దగ్గర్నుంచి సరుకుల లెక్క దాకా కోడలు చూసుకుంటుంది. వడ్డనకి ఇద్దరు కుర్రాళ్లు.

బాగుందని చెప్పడానికే రాస్తున్నాను. అయితే ఇడ్లీ మెత్తగా ఉంది, చట్నీ కారంగా ఉంది అని చెప్పి వదిలేస్తే ఈ మెస్‌కి అన్యాయం చేసినట్టే. దక్షిణాది అంటే ఏమిటి, అది ఎక్కడ మొదలవుతుంది అని ఎవరైనా అడిగితే నేను పుస్తకం చూపించను, ఇక్కడికి తీసుకొచ్చి కూర్చోబెడతాను. ఆ సంగతి కూడా చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

నేను ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన తెలుగుదాన్ని. అత్తవారిది సోంపేట. బ్యాంకు ఉద్యోగంలో కటక్, జయపురం, రాయగడ తిరిగి మళ్లీ ఇక్కడికే వచ్చి రిటైరయ్యాను. కటక్ బ్రాంచిలో ఉన్నప్పుడు తోటివాళ్లు గంజాం వాళ్లంటే సగం మద్రాసు వాళ్లే అనేవారు. ప్రేమగానే అనేవారు గానీ, అనేవారు. హైదరాబాదులో ఉన్న మా ఆడపడుచు కొడుకేమో, "అత్తా, మీది ఒడిశా కదా, సౌత్ ఎలా అవుతుంది?" అంటాడు. ఇటువాళ్లకి మేం అటు, అటువాళ్లకి మేం ఇటు. మా ఊళ్లో పుట్టిన వి.వి. గిరి గారు రాష్ట్రపతి అయ్యారు. ఆయన్ని తెలుగువాళ్లు మావాడంటారు, ఒడిశా వాళ్లూ మావాడంటారు. రెండూ నిజమే. మా వంట విషయంలోనూ ఆ రెండూ నిజమే.

మొదటిసారి వెళ్లేవాళ్లు ఇడ్లీ, ఘుగ్ని చెప్పండి. నాలుగు ఇడ్లీలు, పెద్ద గరిటెడు ఘుగ్ని, పక్కన కొబ్బరి చట్నీ, అన్నీ కలిపి 40 రూపాయలు. ఇడ్లీతో బఠానీ కూరేమిటి అని ఆంధ్రా నుంచి వచ్చే చుట్టాలు మొహం ఒకలా పెడతారు. రెండో ఇడ్లీ సగంలో ఉండగానే కుర్రాణ్ణి పిలిచి ఇంకో గరిటె వేయమంటారు. ఉప్మా మీద కూడా ఘుగ్నే పోస్తారు. బరంపురంలో పొద్దున పూట ఇది మామూలు సంగతి. పూరీ, ఉప్మా, వడ, ఏది తీసుకున్నా పక్కన ఘుగ్ని ఉండాల్సిందే.

ఘుగ్ని ఒడిశా అంతటా దొరుకుతుంది, బెంగాల్లోనూ దొరుకుతుంది. తెల్ల బఠానీలు రాత్రంతా నానబెట్టి, బంగాళాదుంప ముక్కలతో ఉడికించి, ఉల్లిపాయ, అల్లం, వెల్లుల్లి ముద్ద వేసి చేసే కూర. కటక్‌లో నేను తిన్న ఘుగ్నిలో బిర్యానీ ఆకు, జీలకర్ర, గరంమసాలా ముందుంటాయి. ఈ మెస్‌లో ఏం చేస్తారో నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూశాను. బఠానీ వేలితో నొక్కితే నలిగేలా ఉండాలి, తొక్క మాత్రం ఊడకూడదు. అక్కడికి రాగానే చింతపండు రసం కొంచెం, పులుపు తెలిసీ తెలియనంత పోస్తారు. చివర్లో పెద్ద ఇనప గరిటెలో నూనె కాచి ఆవాలు, మినపప్పు, ఎండుమిరపకాయలు, గుప్పెడు కరివేపాకు వేసి, గరిటెను గరిటెగా తీసుకెళ్లి గిన్నెలో ముంచేస్తారు. చుయ్యిమని ఆ చప్పుడు వీధిలోకి వినబడుతుంది. బయట నిలబడ్డవాళ్లు అప్పుడే లోపలికి వస్తారు. వడ్డించేటప్పుడు పైన పచ్చి ఉల్లిపాయ తరుగు, కొత్తిమీర.

నా లెక్కలో దక్షిణాది అక్కడే, ఆ ఇనప గరిటెలోనే ఉంది.

కొంచెం వివరంగా చెప్తాను. చాలామంది ఇడ్లీ, దోసె కనబడితే సౌత్ అనేస్తారు. అది సరిపోదు. మినప్పప్పు, బియ్యం నానబోసి రుబ్బి పులియబెట్టడం కటక్‌లోనూ ఉంది, పూరీలోనూ ఉంది. వాళ్ల చకుళి పిఠా మన దోసెకి చెల్లెలు. జూన్‌లో రజొ పండగకి ఇంటింటా కాల్చే పొడొ పిఠాకీ ఆ పిండే. అన్నం తినడం చూసి తేలుద్దామా అంటే ఒడిశా మొత్తం అన్నమే తింటుంది. చద్దన్నం చూసి తేలుద్దామా అంటే వాళ్ల పొఖాళొ మన చద్దన్నం కన్నా ఘనంగా సాగుతుంది. మరి తేడా ఎక్కడుంది? పోపులో ఉంది. ఒడియా వంటకి ప్రాణం పంచఫుటణ. జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, నల్ల జీలకర్ర. కూరగాయలు వేసి వండే వాళ్ల పప్పు డాల్మాలో అది పడితే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, నాకు చాలా ఇష్టం. మన పోపులో మాత్రం పప్పులు పడతాయి. మినపప్పు, శనగపప్పు నూనెలో ఎర్రగా వేయించి, పంటి కింద కరకరలాడేలా, సువాసన కోసం వాడతాం. పప్పుని ఉడికించుకోవడం దేశమంతా తెలుసు. పప్పుని ఆవాల్లాగా, మిరియాల్లాగా దినుసుల డబ్బాలో పెట్టుకుని పోపులో వేయడం మాత్రం దక్షిణాది అలవాటు. దానికి కరివేపాకు, చింతపండు తోడవ్వాలి. ఈ మూడూ ఒకే గిన్నెలో రోజూ కనబడే ఇల్లు ఎక్కడుంటే దక్షిణం అక్కడుంది. నేను తిరిగినంతలో చిలికా సరస్సు దాటి రంభ అనే ఊరి వైపు వచ్చాక ఆ వాసన మొదలవుతుంది. ఇచ్ఛాపురం ఇక్కడికి పాతిక కిలోమీటర్లు కూడా ఉండదేమో. అక్కడికి చేరేసరికి దక్షిణం మొదలై చాలాసేపవుతుంది.

సర్కారు లెక్క వేరు. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం కింద రాష్ట్రాలని జట్లుగా చేసి ప్రాంతీయ మండళ్లు (జోనల్ కౌన్సిళ్లు) ఏర్పాటు చేసినప్పుడు ఒడిశాని తూర్పు మండలిలో వేశారు. ఆంధ్రా, తమిళనాడు, కేరళ, కర్ణాటక దక్షిణ మండలిలో ఉన్నాయి. కాగితం మీద బరంపురం పాట్నాతో ఒక జట్టు, ఇచ్ఛాపురం తిరువనంతపురంతో ఇంకో జట్టు. పరిపాలనకి అలాంటి గీతలు కావాలి, కాదనను. కానీ 1936 ఏప్రిల్ 1కి ముందు మా గంజాం, కొరాపుట్ రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి. ఆ రోజు ఒరిస్సా వేరే ప్రాంతంగా ఏర్పడి, ఇవి అందులో కలిశాయి. ఏప్రిల్ 1 మాకు ఉత్కళ దివస్, బ్యాంకులో మేమంతా కలిసి చేసుకునేవాళ్లం, నేను ఒడియా పాట కూడా పాడేదాన్ని. ఒడియా వాళ్లు వేర్వేరు ప్రాంతాల్లో చెల్లాచెదురుగా ఉండి ఒక రాష్ట్రం కోసం దశాబ్దాలు పోరాడారు. అది న్యాయమైన కోరిక. మన ఆంధ్ర రాష్ట్రం కన్నా 17 ఏళ్లు ముందు, భాష ఆధారంగా ఏర్పడిన రాష్ట్రం అది. దాన్ని గౌరవిస్తూనే చెప్తున్నాను, రాష్ట్రం మారిన రోజున ఎవరింట్లోనూ పోపు మారలేదు.

మెస్ పెద్దాయనది పర్లాకిమిడి. ఆ ఊరి సంగతి తెలిసినవాళ్లకి ఆయన మాట ఇంకా బాగా అర్థమవుతుంది. పర్లాకిమిడి జమీనుని అప్పట్లో రెండుగా కోశారు. ఊరు, కొంత భాగం ఒరిస్సాకి వెళ్లింది, మిగతాది మద్రాసులోనే ఉండిపోయింది. ఆ రాజావారు కృష్ణచంద్ర గజపతి 1937లో ఒరిస్సాకి తొలి ప్రధాని, అంటే ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి. అదే ఊళ్లో మాస్టారుగా పనిచేస్తూ సవర భాష నేర్చుకుని, వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు, ఆ విభజన నచ్చక 1936లో ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఒక ఊరు, ఇద్దరు పెద్దమనుషులు, చెరో దారి. మెస్ పెద్దాయన దగ్గర ఇంత చరిత్ర ఉండదు. "పాతపట్నం మా అమ్మోల ఊరు, పర్లాకిమిడి మా నాన్నోల ఊరు. మజ్జిన నడిచెల్లే దూరమే కదమ్మా. మా అమ్మ రెండుపక్కలా ఒకే పులుసు ఎట్టేది" అంటాడు. నాకు ఈ మాట చాలు.

ఆ పులుసు గురించి చెప్పాలి. మధ్యాహ్నం భోజనం 100 రూపాయలు, చేప కావాలంటే విడిగా. అన్నం, పప్పు గానీ డాల్మా గానీ, ఒక ఆకుకూర వేపుడు, ఒక కూర, తియ్యగా పుల్లగా ఉండే టమాటా ఖట్టా, మజ్జిగ. పక్కన బడి చూరా ఉంటుంది. మినప వడియాలు వేయించి, వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేసి కచ్చాపచ్చాగా నూరిన పొడి. అన్నంలో కలుపుకుంటే ఇంకేమీ అక్కర్లేదు. ఇది పక్కా ఒడియా ఇంటి వంట, మన వడియాలకి ఇంత మంచి ఉపయోగం మనవాళ్లకి తట్టలేదు. అప్పడాలకి, పచ్చళ్లకి బరంపురానికి ఎలాగూ పేరుంది. ఇక్కడ వేయించే అప్పడం మిరియాలు పంటికి తగిలేలా ఉంటుంది.

చేప వచ్చిన రోజు మాత్రం మిగతావన్నీ పక్కన పెట్టండి. చిలికా నుంచి ఖైంగా చేప వస్తే పలక మీద అన్నిటికన్నా పైన రాస్తారు. ముక్కలకి ఉప్పు, పసుపు పట్టించి ముందు ఆవనూనెలో పైపైన వేయిస్తారు. అది ఒడియా పద్ధతి, ఆ ఘాటు చేపకి పడుతుంది. తర్వాత కటక్‌లో అయితే ఆవముద్ద వేసి బెసర పెట్టేవారు. ఇక్కడ మట్టి దాకలో చింతపండు పులుసు మరుగుతూ ఉంటుంది, వేయించిన ముక్కలు అందులోకి దిగుతాయి. మెంతులు, చీల్చిన పచ్చిమిరపకాయలు, నిలువుగా తరిగిన ఉల్లిపాయలు, కరివేపాకు. గరిటె పెట్టి తిప్పరు, దాకనే పట్టుకుని కుదుపుతారు, ముక్క విరగకూడదని. పొద్దున పదింటికి దించేసి మధ్యాహ్నం దాకా కదపరు. ఒంటిగంటకి వడ్డించేసరికి నూనె పైకి తేలి, పులుసు ముక్క లోపలి దాకా ఇంకి ఉంటుంది. నేను విశాఖలో తిన్నాను, రాజమండ్రిలో తిన్నాను, కటక్‌లో బెసర తిన్నాను. ఆవనూనె, చింతపండు రెండూ ఉన్న ఈ పులుసు మాత్రం ఇక్కడే తిన్నాను. అటుదీ ఇటుదీ నకలు అని దీన్ని ఎవరూ అనలేరు. రెండు వంటలూ బాగా తెలిసిన చెయ్యి చేసిన వంట ఇది.

అందుకే సౌత్ ఇండియన్ అని హైవే పక్కన పెద్దక్షరాలతో రాసే హోటళ్ల మీద నాకు గౌరవం తక్కువ. ఎక్కడికెళ్లినా అదే మసాలా దోసె, అదే సాంబారు, అదే రెండు చట్నీలు. దక్షిణాదికి అదొక్కటే మొహం అన్నట్టు దేశమంతా నమ్మించేశారు. నెల్లూరు పులుసు వేరు, చెట్టినాడు కారం వేరు, మలబారు కొబ్బరి వేరు, ఉడిపి సాంబారు వేరు. ఒకే పోపు పెట్టి ఇన్ని రకాలుగా వండుకునే ప్రాంతం కాబట్టే దాన్ని ఒక ప్రాంతం అనగలుగుతున్నాం. అందులో గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ వంట కూడా ఒకటి.

రాయగడ మాట వచ్చింది కాబట్టి వేసవిలో వెళ్లేవాళ్లకి ఒక సంగతి. ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా ఇక్కడ చోడి, అంటే రాగి, అంబలి పెడతారు, గ్లాసు 15 రూపాయలు. ముందు రోజు రాత్రి చోడిపిండి కలిపి పులియనిచ్చి, పొద్దున నూకతో కాచి చల్లారబెట్టి, మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్క. నేను రాయగడ బ్రాంచిలో ఉన్నప్పుడు సంతరోజుల్లో కొండల మీద నుంచి దిగే కొంధు గిరిజన ఆడవాళ్లు సొరకాయ బుర్రల్లో ఇదే తెచ్చుకునేవాళ్లు, అక్కడ మండియా పేజొ అంటారు. వాళ్లు మాట్లాడే కువి, కంధమాల్ వైపు మాట్లాడే కుయి, రెండూ ద్రావిడ భాషలు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగుని గోండి, కొండ, కుయి, కువి భాషలతో కలిపి ఒకే శాఖలో చేర్చారు. అంటే వంశం లెక్క చూస్తే మన తెలుగుకి తమిళం, కన్నడం కన్నా ఈ కొండల మీది భాషలే దగ్గరి చుట్టాలు. దక్షిణాది భాషలంటే నాలుగే అని బడిలో చదువుకున్నవాళ్లకి ఇది కొత్తగా ఉంటుంది. నాకైతే బ్యాంకు కౌంటరు అవతల నిలబడి వేలిముద్ర వేసే ఆ అమ్మలని చూసినప్పుడల్లా ఈ సంగతి గుర్తొచ్చేది. దక్షిణం సముద్రం ఒడ్డునే సాగదు, కొండల మీదుగా కూడా పైకి వెళ్తుంది. మ్యాపులో దాన్ని ఎవరూ రంగు వేసి చూపించరు. ఒడిశా ప్రభుత్వం 2017 నుంచి చిరుధాన్యాల మిషన్ పెట్టి చోళ్లని మళ్లీ పొలాల్లోకి తెచ్చింది. చాలా మంచి పని. మా మెస్ కోడలు పిండి అటునుంచే తెప్పిస్తుంది.

ఇప్పుడు నచ్చనివి.

సాంబారు. ఈ మధ్య రెండేళ్లుగా ఇడ్లీకి సాంబారు కూడా ఇస్తున్నారు, బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు అడుగుతున్నారని. తియ్యగా ఉంటుంది, నీళ్లగా ఉంటుంది, ప్యాకెట్ పొడి వాసన తెలుస్తుంది. ఘుగ్ని అంత శ్రద్ధగా చేసే చేతుల నుంచి ఇది వస్తుందంటే నాకు బాధేస్తుంది. పెద్దమ్మతో ముఖం మీదే చెప్పాను. "ఏటి సెయ్యమంటారమ్మా, సాంబారు నేదంటే లేచెలిపోతన్నారు" అంది. లేచి వెళ్లేవాళ్లని వెళ్లనివ్వమన్నాను. చదివేవాళ్లకి నా మనవి, ఇక్కడికి వెళ్లి సాంబారు అడగకండి. అడిగేవాళ్లు తగ్గితే వాళ్లే మానేస్తారు.

కాఫీ పర్వాలేదు అనడానికి కూడా లేదు. మన కొరాపుట్ కొండల్లో కాఫీ పండుతోంది, మంచి కాఫీ. ఇక్కడ మాత్రం సీసాలో పొడి, వేడి పాలు. టీ తాగండి, అల్లం దంచి వేస్తారు.

పార్సిల్ విషయంలో నాకు కోపం ఉంది. పొయ్యి మీద నుంచి దించిన ఘుగ్నిని పలచటి ప్లాస్టిక్ సంచిలో పోసి ముడి వేస్తారు. అంత వేడి ప్లాస్టిక్‌లో పోయకూడదు. ఇంటి దగ్గర్నుంచి డబ్బా తీసుకెళ్లండి, తీసుకెళ్తే అర గరిటె ఎక్కువే పోస్తారు. లోపలికి మూడు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు, మోకాళ్ల నొప్పులున్న మా వయసువాళ్లకి కష్టం. కూర్చోవడానికి బయట ఒక బల్ల వేయిస్తే పుణ్యం. చేతులు కడుక్కునే చోటు శుభ్రంగా ఉంటుంది, సబ్బు కూడా ఉంటుంది. ఫోన్‌లో డబ్బు కట్టొచ్చు.

ఇంకొకటి, ఆ పలక. వచ్చేవాళ్లలో సగం మంది తెలుగు మాట్లాడతారు. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస నుంచి వైద్యం కోసం ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీకి, పెళ్లి చీరల కోసం బజారుకి వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లు పలక చదవలేక ప్రతిదానికీ కుర్రాళ్లని అడుగుతారు. తెలుగులో కూడా ఒక వరస రాయించమన్నాను. కోడలు నవ్వి, "నాకు మాటే వచ్చు ఆంటీ, రాత రాదు. ఒడియా మీడియం కదా" అంది. మా పిల్లలదీ అదే పరిస్థితి. ఇంట్లో చక్కటి తెలుగు మాట్లాడతారు, పెళ్లి శుభలేఖ చదవమంటే ఆగిపోతారు. పోపు వంటింట్లో నేర్చుకుంటారు కాబట్టి నిలిచింది. అక్షరం ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పాలి. నేనే వచ్చి రాసిస్తానన్నాను, సాయంత్రాలు కావాలంటే అక్షరాలు కూడా నేర్పిస్తానన్నాను. రెండో పలక కొంటామన్నారు. కొనిపించేదాకా అడుగుతూనే ఉంటాను.

ఈ మెస్ మీద నాకున్న గౌరవానికి రుచి ఒక్కటే కారణం కాదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. గోపాలపూర్ మాకు పక్కనే. తెల్లారేసరికి మా వీధిలో నిలబడి ఉన్న చెట్టు లేదు, స్తంభం లేదు. కరెంటు లేదు, నీళ్లు లేవు, కొట్లన్నీ మూత. గ్రైండర్ తిరగదు కాబట్టి ఇడ్లీ లేదు. వీళ్లు పడిపోయిన కొమ్మలే కొట్టి పొయ్యిలో పెట్టి, పెద్ద గుండిగల్లో ఉప్మా, ఘుగ్ని వండారు. అటక మీది నుంచి పాత రుబ్బురోలు దింపి పెద్దమ్మ, పక్కింటి ఒడియా ఆవిడ చెరోపక్కా కూర్చుని చట్నీ రుబ్బడం నేను చూశాను. ధర ఒక్క రూపాయి పెంచలేదు. లేదన్నవాళ్ల దగ్గర తీసుకోలేదు. ఆ రోజుల్లో మా వీధికంతటికీ పొద్దున తిండి ఇక్కడి నుంచే వెళ్లింది. ఆ తర్వాత తిత్లీ తుఫాను వచ్చి పర్లాకిమిడి, పలాస వైపు ఊళ్లని దెబ్బతీసినప్పుడు పెద్దాయన ఇక్కడ మెస్ మూసేసి, బియ్యం, బఠానీలు లారీలో వేసుకుని వెళ్లాడు. ఒడిశా ఊళ్లకా, ఆంధ్రా ఊళ్లకా అని ఎవరో అడిగితే, "దారిలో ఏది ముందొస్తే దానికి" అన్నాడట.

వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు. టిఫిన్‌కి ఏడున్నరలోపు వెళ్లండి, తొమ్మిదిన్నరకి ఇడ్లీ అయిపోతుంది, ఉప్మా మాత్రమే మిగులుతుంది. వడ పొద్దున మొదటి వాయి అయితేనే తినండి, తర్వాత నూనె పీలుస్తుంది. భోజనానికి పన్నెండున్నరకే కూర్చోండి. కూర్చోగానే చేపల పులుసు ఉందా అని అడిగి, ఉంటే ముందే చెప్పి పెట్టుకోండి, వరసగా వడ్డించేలోపు అయిపోతుంది. శాకాహారులు డాల్మా రోజు చూసుకుని వెళ్లండి, సాధారణంగా గురువారం ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం మూసేస్తారు. రెండేళ్లకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణీ యాత్ర జరిగేటప్పుడు దేశీబెహెరా వీధి చుట్టుపక్కలంతా జనంతో కిక్కిరిసిపోతుంది, బడా బజారులోకి ఆటో కూడా రాదు. అమ్మవారు పుట్టింటికి వచ్చిందని చేసే ఆ సంబరం చూడాలనుకుంటే అప్పుడే రండి, కానీ తిండికి గంట ముందు బయల్దేరండి. ఆ నెలంతా మెస్ తెల్లవారుజామున ఐదింటికే తెరుస్తారు, యాత్ర నుంచి తిరిగొచ్చేవాళ్ల కోసం.